మొదటి క్లాసిక్ కారు: బీటిలా, ఎంజీబీనా?

ఏళ్ల తరబడి ఫొటోలు చూసుకుంటూ గడిపాక, ఇక కొనేద్దాం అనుకునేసరికి నా లిస్టులో రెండే మిగిలాయి: ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ తీసేసి నడపగలిగే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు).

బీటిల్ 2003 దాకా తయారైంది, మొత్తం 2 కోట్ల 10 లక్షలకు పైనే, కాబట్టి పార్టుల కోసం టెన్షన్ పడక్కర్లేదు. ఇంజిన్ గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ గొడవే లేదు. కాకపోతే పాతబడిన పెట్రోల్ గొట్టాలు చిట్లితే వెనకున్న వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పడి మంటలు అంటుకోవచ్చు, అందుకే కొన్న రోజే వాటిని మార్చేయాలి.

ఎంజీబీ సంగతి వేరు. 1962 నుంచి 1980 వరకు వచ్చిన కారు, 1798 సీసీ ఇంజిన్, టాప్ తీసేసి నడిపితే ఆ ఆనందం బీటిల్‌లో రాదు, నిజం. అసలు భయం తుప్పు. దీనికి విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే అడుగు ఫ్రేమ్, ఉండదు, తలుపుల కింద ఉండే సిల్స్ మీదే బాడీ బలం చాలావరకు ఆధారపడి ఉంటుంది. పైకి మెరిసిపోతున్న ఒకదాన్ని చూడ్డానికి వెళ్లి, గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని సిల్ పొడవునా పెట్టి చూశాను; ముందంతా అంటుకుంది, వెనక చక్రం దగ్గరికి రాగానే జారి కింద పడింది. పెయింట్ కింద ఉన్నదంతా పుట్టీయే!

బీటిల్‌కీ తలుపుల కింద తుప్పు పడుతుంది, కానీ ఫెండర్లు బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. మనసు ఎంజీబీ మీదే ఉన్నా, మొదటి కారుగా నా ఓటు బీటిల్‌కే.