బాలింత సేవ 40 రోజులు: మనిషికి నిండు మార్కులు, కిట్‌కు సున్నా

తెనాలిలో నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ చేసిన పనికి, మియాపూర్‌లో నాకు బిడ్డ పుట్టినప్పుడు ఫోనులో మనిషిని మాట్లాడుకోవలసి వచ్చింది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి పసిబిడ్డకు నీళ్ళు పోసే ఓపిక ఆమెకు లేదు. అందుకని బాలింతకూ బిడ్డకూ ఇంటికే వచ్చి స్నానం పోసే సేవను 40 రోజులకు 24,000 రూపాయలు ఇచ్చి తీసుకున్నాము. రోజుకు గంటన్నర పని, ఏడో నెల నుంచి పొట్టకు రాసుకోవడానికి ఒక నూనె, కాన్పు తరువాత వాడే కిట్ ఆ డబ్బులోనే వస్తాయి. నేను విచారించిన మూడు సంస్థలూ ఇంచుమించు ఒకే తీరున నడుస్తున్నాయి కనుక పేరుతో పని లేదు. ఈ సేవలో దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అక్కరలేదో మాత్రం రాస్తాను.

ముందు ఆ నూనె సంగతి. పొట్ట మీద చారలు రానివ్వదని సీసా మీద రాసి ఉంది. రోజూ రెండు పూటలా రాసుకున్నాను, తొమ్మిదో నెలలో చారలు వచ్చాయి. నూనెను తప్పుపట్టడం లేదు. చర్మం లోపలి పొర సాగడం వల్ల, వంశపారంపర్యంగా, గర్భంలో మారే హార్మోన్ల వల్ల వచ్చే చారలను పైన రాసే ఏ నూనే కచ్చితంగా ఆపలేదని మా డాక్టరుగారు మొదటే చెప్పారు. పొడిబారిన చర్మం మెత్తబడి దురద తగ్గింది, అంతవరకు మేలే. కానీ ఎనిమిదో నెలలో అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతంగా దురద పెట్టి, ఒంటి మీద దద్దురు ఒక్కటీ కనిపించనప్పుడు సంస్థకు ఫోను చేస్తే, నూనె ఇంకొంచెం ఎక్కువగా రాసుకోమన్నారు. దద్దుర్లు లేకుండా అరచేతుల్లో, అరికాళ్ళలో పుట్టే దురద, గర్భిణుల్లో పైత్యరసం సరిగా పారనప్పుడు కనిపించే లక్షణమని, అది కడుపులోని బిడ్డకు ప్రమాదం కావచ్చునని తెలిసిన డాక్టరుగారు మాత్రం అదే రోజు రక్తపరీక్షలు చేయించారు. ఫలితం మామూలుగానే వచ్చింది. అయినా నూనె అమ్మేవారిని వైద్యసలహా అడగకూడదని నాకు అప్పుడే తెలిసివచ్చింది.

సంస్థవారు నింపించుకున్న ఫారంలో బిడ్డ జన్మనక్షత్రానికి ఒక గడి ఉంది. కాన్పు ఎలా జరిగిందన్న ప్రశ్నకు గడి లేదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషనుతో జరిగినవే. అలాంటి చోట బాలింతకు మర్దన చేసే సంస్థ కుట్ల గురించి, రక్తపోటు గురించి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉందా అన్నదాని గురించి ముందుగా అడిగి తీరాలి. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉంటే ఆ కాలిని మర్దించడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇవన్నీ నేనే ఒక కాగితం మీద రాసి, వచ్చిన ఆవిడకు చదివి వినిపించాను.

ఆ వచ్చిన ఆవిడే ఈ సేవ మొత్తానికి ప్రాణం. మహబూబ్‌నగర్ వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. మొదటి రోజు నేను కుట్లు చూపించి జంకుతుంటే, "భయపడకు బిడ్డా, నువ్వు వద్దన్న కాడ నా చెయ్యి పడదు" అన్నది, ఆ మాట చివరి రోజు దాకా నిలబెట్టుకున్నది. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనెను బొటనవేళ్ళతో వెన్నుపూసకు ఇరుపక్కలా నడుము నుంచి భుజాల దాకా తీసుకువెళ్ళి, పాలిచ్చి పాలిచ్చి బిగుసుకుపోయిన మెడ దగ్గర ఆగేది. డాక్టరుగారి అనుమతి వచ్చేదాకా పొట్ట జోలికి పోలేదు. నడికట్టు కూడా ఊపిరి ఆడేటంత వదులుగానే, మెత్తటి పాత చీరతో కట్టింది. రాత్రి నాలుగుసార్లు లేచిన శరీరానికి ఆ గంట ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

బిడ్డ దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిన్న యుద్ధాలు తప్పలేదు. మూడో రోజున బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బి ఉండడం చూసి, పాలు పిండకపోతే గడ్డలు కడతాయన్నది. తల్లి హార్మోన్ల వల్ల పసిపిల్లలకు, మగైనా ఆడైనా, అలా ఉబ్బుతుందని, కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుందని, పిండితేనే చీము పట్టే ప్రమాదమని పిల్లల డాక్టరు చెప్పిన మాటను ఫోనులో స్పీకరు పెట్టి వినిపిస్తే, అయిష్టంగానే చెయ్యి వెనక్కు తీసుకున్నది. బొడ్డు మీద ఆముదం వేయబోయినప్పుడూ ఇదే తంతు. ఏమీ పూయకుండా పొడిగా ఉంచిన బొడ్డు ఎనిమిదో రోజున ఊడిపోయింది. ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా రావాలని అదమడం మా అమ్మకూ ఇష్టమే కనుక అక్కడ నేను ఇద్దరితో పోరాడవలసి వచ్చింది. అయితే మోచేతిని ముంచి నీళ్ళ వేడి చూసుకోవడం, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టినప్పుడు అరచేత్తో గడ్డం ఎత్తిపట్టి ముక్కులోకి నీరు పోకుండా కాయడం చూశాక, ఆ చేతుల నైపుణ్యం మీద నాకు అనుమానం లేకపోయింది.

ఇక కిట్. శనగపిండితో చేసిన నలుగుపిండి, ఆలివ్ నూనె, టాల్క్ పౌడరు, కాటుక, సాంబ్రాణి కప్పులు. నలుగు రెండు రోజులు పెట్టేసరికి బిడ్డ మెడ ముడతల్లో చర్మం ఎర్రగా కందిపోయింది. పెద్దల చర్మం కంటే పలచనైన చర్మానికి ఆ రాపిడి ఎందుకు? ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తుందని పరిశోధనల్లో తేలింది కనుక దాన్ని పక్కనపెట్టి, గానుగ కొబ్బరినూనె వాడాము, పొడిబారిన కాళ్ళు వారంలో నునుపుదేలాయి. పౌడరు ధూళి పసివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది, సాంబ్రాణి పొగ లేత ఊపిరికి పడదు. సాంబ్రాణి విషయంలో మా అమ్మ నొచ్చుకున్నది, చివరికి బిడ్డ లేని గదిలో, నా జుట్టుకు మాత్రం పట్టేటట్లు ఒప్పందం కుదిరింది.

తీసుకోదలచినవారు కిట్ వద్దని చేరేటప్పుడే చెప్పాలి. కిట్ లేకుండా 19,500 రూపాయలకే ఇస్తారని నాకు ఇరవయ్యో రోజున ఆ స్నానం పోసే ఆవిడే చెప్పింది. అడగనిదే ఆ ధర ఆఫీసువాళ్ళు చెప్పరు. అలాగే మధ్యలో మనిషిని మార్చకూడదన్న మాట కాగితం మీద రాయించుకోవాలి, ఎందుకంటే పండక్కి ఆవిడ ఊరెళ్ళిన రెండు రోజులూ వచ్చిన అమ్మాయికి బిడ్డను ఎత్తుకోవడమే సరిగా రాలేదు, ఆ రెండు రోజులూ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి సరిపెట్టాము.