పాత బొమ్మ మళ్ళీ వేయడమా, పాత కథ మళ్ళీ తీయడమా: ఏది మేలు?

రంగులద్దిన ‘మాయాబజార్’ 2010లో వచ్చినప్పుడు అమ్మను తీసుకుని నల్లగొండలో చూశాను. శశిరేఖ తెర మీదికి రాగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ చీర చిలకపచ్చ కదరా?" అంది. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసిన నలుపు తెలుపు బొమ్మకు ఆమె మనసులోనే రంగులు వేసుకుంది. యాభై ఏళ్లుగా అది చిలకపచ్చ చీరే. తెర మీద వేరే రంగు కనపడేసరికి చిన్నబుచ్చుకుంది. అయినా ఘటోత్కచుడు పెళ్లివంటలన్నీ ఖాళీ చేస్తుంటే హాల్లో అందరికన్నా ముందు నవ్వింది ఆమే.

ఇప్పుడు మా ఇంట్లో పండుగ వచ్చిందంటే ఇదే పంచాయితీ. పాత సినిమాను శుభ్రం చేసి మళ్ళీ వేస్తున్నారు. పాత కథను కొత్త నటులతో తీస్తున్నారు. ఒకనాటి పెద్ద దర్శకులు తమ హిట్టు సినిమాకే రెండో భాగం తీస్తున్నారు. పానగల్లు నుంచి నలుగురం ఆటోలో వచ్చి, టికెట్లు కొని, పిల్లలకు తినడానికి ఏదైనా ఇప్పించేసరికి ఒక రోజు కూలి పోతుంది. కాబట్టి ఎంపిక చిన్న విషయం కాదు.

నేను మొదటిదానికే మొగ్గుతాను. 1953 నాటి ‘దేవదాసు’ ఉండగా 1974లో అదే కథను రంగుల్లో, కృష్ణతో తీశారు. అదే సమయంలో పాతదాన్నీ మళ్ళీ విడుదల చేస్తే జనం పాతదానికే వెళ్లారు. కథ అందరికీ తెలిసిందే, చివరికి ఏమవుతుందో కూడా తెలిసిందే. జనానికి కావలసింది నాగేశ్వరరావు కళ్లు, ఘంటసాల గొంతు. వాటిని మళ్ళీ తీయడం ఎవరి తరం?

అలాగని మళ్ళీ తీసినవన్నీ దండగ అనను. ‘లవకుశ’ 1963లో వస్తే, అదే కథతో బాపు 2011లో ‘శ్రీరామరాజ్యం’ తీశారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏడేళ్లు. అది అమ్మకు నచ్చింది, నాకూ నచ్చింది. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. మాటలు రాసింది ముళ్లపూడి వెంకటరమణ. సినిమా విడుదలకు కొన్ని నెలల ముందే ఆయన పోయారు, కానీ ఆయన రాత తెర మీద ఉంది. బడిలో చదువుకునే రోజుల నుంచి కలిసి నడిచిన జంట అది.

దర్శకుడు శంకర్ సంగతి చూడండి. ‘భారతీయుడు’ 1996లో వచ్చింది, రెండో భాగం 2024లో. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు. మొదటిదానికి తమిళంలో మాటలు రాసిన సుజాత 2008లో కన్నుమూశారు. రెండో భాగంలో ఖర్చు కనపడింది, జనం కనపడ్డారు, కమల్ హాసన్ కూడా ఉన్నారు. మొదటి భాగంలో లంచం మీద పుట్టిన ఆ కడుపుమంట మాత్రం నాకు తగలలేదు. దర్శకుడు ముసలివాడయ్యాడని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియా దర్శకుడు జార్జ్ మిల్లర్ 1979లో మొదలుపెట్టిన ‘మ్యాడ్ మ్యాక్స్’ వరుసలో, 2015లో డెబ్బై ఏళ్ల వయసులో తీసిన సినిమాకు ఆరు ఆస్కార్లు వచ్చాయి. తగ్గేది వయసు వల్ల కాదు, పక్కన కూర్చుని "ఈ సీను బాగాలేదు" అని మొహం మీద చెప్పే మనిషి లేకపోవడం వల్ల. ఈ లెక్కకు లొంగనివీ ఉన్నాయి: ‘మాయాబజార్’కు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు తోడున్నా, దాన్ని తీసిన కె.వి. రెడ్డి ‘సత్య హరిశ్చంద్ర’ 1965లో ఆడలేదు. అయినా నా నమ్మకం నాదే.

మళ్ళీ వేసే పాత సినిమాలతోనూ ఒక చిక్కుంది. 2022లో ‘పోకిరి’ నుంచి ఊపందుకున్న ఈ హడావుడిలో ఒక ఆట చూడబోయాను. కాగితం ముక్కలు తల మీద వాన కురిసినట్టు పడ్డాయి. కుర్రాళ్లు తెర ముందుకెళ్లి ఎగిరారు. ఒక్క మాటా వినపడలేదు. వాళ్ల సంతోషం నిజమైనదే, కాదనను. అమ్మను మాత్రం అలాంటి ఆటకు తీసుకెళ్లలేను. ఆమెకు మధ్యాహ్నం ఆట, సగం ఖాళీగా ఉన్న హాలు కావాలి.

ఇవన్నీ పక్కన పెడితే, ఈ జిల్లావాడిగా నేను కోరుకునేది ఒక్కటే. 1980లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మాభూమి’ మా తాతల పోరాటం, నిజాం కాలం నాటి తెలంగాణ రైతుల పోరాటం. అందులోని సుద్దాల హనుమంతు పాట ఈ నేల మీద పుట్టిందే. దాన్ని ఇప్పుడు కోట్లు పోసి, పేరున్న హీరోను గుర్రం ఎక్కించి మళ్ళీ తీస్తామంటే నేను వెళ్లను. ఉన్న ప్రింటునే బాగుచేసి, శబ్దం సరిచేసి, నల్లగొండలో వారం రోజులు మధ్యాహ్నం ఆట వేస్తే మొదటి రోజే నాలుగు టికెట్లు కొంటాను. అమ్మ పక్కన మా అన్న కొడుకును కూర్చోబెడతాను. వాడు అడిగే ప్రశ్నలకు అమ్మ దగ్గర జవాబులున్నాయి.