ఆఖరి ఎపిసోడ్: పొద్దున్నే ఒక్కరమా, రాత్రికి అందరమా?

2019 మే 20, సోమవారం. సింహాసనం కోసం కొట్టుకునే ఇంగ్లీష్ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి ఎపిసోడ్ మన టైములో పొద్దున్న 6.30కే వచ్చేసింది. విజయనగరంలో మా బ్యాచ్ రెండుగా చీలింది: పొద్దున్నే ఎవరికి వాళ్లు చూసేవాళ్లు, రాత్రికి అందరితో కలిసి చూసేవాళ్లు.

పొద్దున్నే చూసినవాళ్లకు స్పాయిలర్ల టెన్షన్ లేదు. కానీ హీరో జాన్ తను ప్రేమించిన రాణి డెనేరిస్‌నే పొడిచేశాక ఆ కోపం ఎవరి మీద చూపాలి? కోట దగ్గర టీ బడ్డీకి జనం చేరేదాకా ఆగాల్సిందే.

మూడు లాంతర్ల దగ్గర గదిలో రాత్రికి చూసినవాళ్లకు సగం కథ ముందే తెలిసిపోయింది. అయినా నా ఓటు వాళ్లకే. డెనేరిస్ డ్రాగన్ సింహాసనాన్ని కరిగించేస్తుంటే ఒకటే ఈలలు. జాన్‌కి తమ్ముడిలా పెరిగిన బ్రాన్ రాజనగానే "వీడేం పీకాడని?" అంటూ ఒకడు మిక్సర్ పొట్లం నేలకేసి కొట్టాడు. న్యాయమే మరి. చివరి సీజన్‌ని 6 ఎపిసోడ్లకు కుదించేస్తే డెనేరిస్ ఊరినే తగలబెట్టేంతలా మారిపోవడం ఎవరు నమ్ముతారు?

సీజన్ మళ్లీ తీయమంటూ ఆన్‌లైన్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. వాటిలో మా గదివీ ఉన్నాయి.