తిరుపతి నుంచి సముద్రంలో ఈతకు: తూపిలిపాళెం, కోవళం, రుషికొండలో ఏది మేలు?

"ఈత వచ్చు కదా, ఇంక భయమెందుకు మామా?" అంటాడు మా అక్క కొడుకు. వాడు చంద్రగిరి దగ్గర మా బావిలో నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నాడు. బావి నీళ్లు మనల్ని ఎక్కడికీ లాక్కుపోవు. సముద్రం లాక్కుపోతుంది. అందుకే వాణ్ని ఎక్కడ దింపాలా అని చాలా ఆలోచించాను.

2022లో జిల్లాలు మారాక మనకూ సముద్రతీరం వచ్చింది. వాకాడు మండలం తూపిలిపాళేనికి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. ఖర్చు తక్కువ, జనమూ తక్కువ. ఆ జనం లేకపోవడమే నాకు టెన్షన్. మేం పోయిన రోజు మోకాలి లోతులోనే నిలబడ్డాం. అల వెనక్కి పోతూ వాడి మడమల కింద ఇసుకను తోడేసింది. వెల్లకిలా పడ్డాడు, లేచేలోపే ఇంకో అల మీద పడింది. చెయ్యి పట్టుకునే ఉన్నాను కాబట్టి సరిపోయింది. అక్కడ కాళ్లు తడుపుకుని, చేపల వేపుడు తిని వచ్చేయడమే మంచిది.

రుషికొండ అందం వేరు. కొండ, రాళ్లు, నీలం నీళ్లు. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్. కయాకింగ్ (చిన్న పడవ తెడ్డుతో నడపడం), స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) కూడా ఉన్నాయి. కానీ రాత్రి రైలెక్కి వైజాగ్ పోవాలి, మూడు రోజులైనా చేతిలో ఉండాలి. పైగా రాళ్లున్న తీరంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు ఎక్కడో ఒకచోట సన్నటి పాయలా లోపలికి తిరిగిపోతాయి. అదే రిప్ కరెంట్. రాళ్ల పక్కన ఇది తరచుగా ఉంటుంది. ఆ పాయలో అల అంతగా విరగదు, చూడ్డానికి నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టే ఉంటాయి. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు! అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు తిరగాలి. ఒంట్లో శక్తి లేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతిన చోట, వాటి మధ్యే దిగాలి; లైఫ్‌గార్డులు కాపలా కాసేది అక్కడే. ఎర్ర జెండా ఒక్కటే ఎగురుతుంటే దిగనే కూడదు.

నా ఓటు కోవళానికి. కేరళది కాదు, చెన్నై దాటాక మహాబలిపురం దారిలో ఉన్న జాలర్ల ఊరు. 2021లో దానికీ బ్లూ ఫ్లాగ్ దక్కింది. అంతకంటే ముఖ్యం, అక్కడ సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలపై జారడం) నేర్పేవాళ్లున్నారు. పాఠం ఇసుక మీదే మొదలవుతుంది: బోర్డు మీద బోర్లా పడుకుని, అరచేతులు ఆనించి, ఒక్క ఊపులో లేచి నిలబడాలి. తర్వాతే నీళ్లలోకి. బోర్డు తాడు చీలమండకు కట్టి ఉంటుంది కాబట్టి, పడ్డా పట్టుకోవడానికి అది దగ్గరలోనే ఉంటుంది. పక్కన నేర్పేవాడు ఉంటాడు. బావి ఈతకూ సముద్రానికీ మధ్య మావాడికి కావాల్సింది ఆ మనిషే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, అప్పుడు మాత్రం వద్దు. జనవరి నుంచి మార్చి దాకా అలలు చిన్నవిగా ఉంటాయి, కొత్తవాళ్లకు అనుకూలం. సంక్రాంతి అయ్యాక పోదామని అక్కకు చెప్పాను. రుషికొండకు వాడు అలలో పడి లేవడం బాగా నేర్చుకున్నాకే.