మాగిన గెత్తం అన్నారు, సగం పచ్చిదే (5కి 2)

విజయనగరంలో మా పెరట్లో నాలుగు మళ్లు ఆకుకూరలు వేద్దామని, ఫోన్‌లో ప్రకటన చూసి 50 కిలోల గెత్తం (పశువుల ఎరువు) బస్తాలు 12 తెప్పించాను. "ఆరు నెల్లు మాగిన గెత్తం తల్లీ, ఏటీ భయం లేదు" అన్నాడు అమ్మినాయన. చెప్పిన రోజుకే ఆటో వచ్చింది, తూకం సరిగ్గా ఉంది, ఆ రెండు స్టార్లూ అందుకే.

మూతి విప్పగానే ముక్కు మూసుకున్నాను. మాగితే మట్టి వాసన రావాలి కదా, ఇదేమో అప్పుడే దొడ్డి ఊడ్చి నింపినట్టుంది, గడ్డిపరకలు ఎక్కడివక్కడే, పిడికిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు. తెల్లటి లావుపాటి పురుగులు చూసి మా అత్తగారు హడలిపోయారు గానీ అవి కొమ్ముపురుగు పిల్లలు, పెద్దయ్యాక కొబ్బరి మొవ్వు తొలుస్తాయి, మన జోలికి రావు.

నా టెన్షన్ కంటికి కనబడనివాటితో. దించిన కుర్రాడు పందుల దొడ్డిదీ కొంత కలిపామని నోరు జారాడు. పందుల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మన కడుపులోకి వెళ్లినా పొదుగుతాయి, మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. ఆవు పేడే కదా అనుకోడానికీ లేదు, లేగదూడల పేడలో క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది నీళ్ల విరేచనాలు పట్టిస్తుంది. ఆకుకూరల్ని ఉప్పునీళ్లలో కడిగితే పోతాయనేవాళ్లకు ఒక మాట: ల్యాబుల్లో ఏలికపాముల గుడ్లను పైకి తేల్చి చూడ్డానికి వాడేదే చిక్కటి ఉప్పునీళ్లు, ఉప్పుకు అవి చావవు. ఉడికిస్తే చస్తాయి, కానీ కొత్తిమీర ఎవరు ఉడికిస్తారు?

ఫోన్ చేస్తే "ఎండలో ఆరబెట్టాం కదమ్మా" అంటాడు. పైపైన ఎండితే మాగినట్టు కాదు, కుప్ప లోపల వేడెక్కాలి. 55 డిగ్రీలు దాటి 15 రోజులు, మధ్యలో కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. చివరికి ఆ పనీ నేనే చేశాను, గ్లవ్స్, బూట్లు వేసుకుని అంతా ఒకటే కుప్ప పోసి, తడిపి, టార్పాలిన్ కప్పి. నాలుగో రోజు గునపం లోపలికి దించి కాసేపాగి తీస్తే చెయ్యి చురుక్కుమంది. అంచుల్లో అంత వేడి రాలేదు, ఆ భాగం కొబ్బరి మొదళ్లకే వేశాను. నేల తగిలే పంటలకు పచ్చి గెత్తం వేస్తే కోతకు 120 రోజుల ఎడం ఉండాలని అమెరికా ఆర్గానిక్ నిబంధన, మన మెంతికూరేమో నెలకే కోతకొస్తుంది.

మళ్లీ కొంటే మాత్రం ముందు వాళ్ల కుప్ప దగ్గరకే గునపం పట్టుకుని వెళ్తాను. ఖాళీ బస్తాలు గట్టివే, ఉల్లిపాయలు పోద్దామన్నారు అత్తగారు, దండం పెట్టి వద్దన్నాను.