బరంపురం వెళ్లేముందు ఏం చదవాలి, ఎక్కడ దిగాలి

బరంపురం అనగానే మనవాళ్లకు పట్టుచీర, అప్పడాలు, గోపాల్‌పూర్ సముద్రం గుర్తొస్తాయి. ఊరి చరిత్ర కొంచెమైనా చదువుకుని రైలెక్కేవాళ్లు తక్కువ. నాకు అది బాధగానే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఈ ఊరి గురించిన రాతలు కొన్ని మద్రాసులో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాల్లో, కొన్ని ఒడియాలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్క పుస్తకం కొనుక్కుంటే సరిపోదు.

ముందుగా చదవాల్సింది టి.జె. మాల్ట్‌బీ కూర్చిన గంజాం జిల్లా మాన్యువల్. 1882లో వచ్చింది. స్కాన్ చేసిన ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లోకి దించుకోండి. జమీందారీలు, పితూరీలు (తిరుగుబాట్లు), ఘుమ్సూర్ జమీందారీ మీద కంపెనీవాళ్లు చేసిన యుద్ధం, 1866 కరువు అన్నీ ఉన్నాయి. రాసింది దొరలు కాబట్టి శిస్తు వసూలు చేసేవాడి చూపే ఎక్కువ; రైతు గొంతు వినపడదు. అయినా దీన్ని పక్కన పెట్టి గంజాం ఊరికి వెళ్తే అక్కడ కనిపించేవి పొదలూ పాడుబడ్డ గోడలే. చదివి వెళ్తే అదే చోట, రుషికుల్య నది సముద్రంలో కలిసే దగ్గర, 1768లో ఇంగ్లీషువాళ్లు కట్టిన పోటగఢ్ కోట కనిపిస్తుంది. జ్వరాలు ప్రబలి 1815 ప్రాంతంలో జిల్లా కచేరీలు అక్కణ్ణించి తరలిపోయాయి. బరంపురం పెద్ద ఊరు కావడానికి అదొక కారణం. కోట దగ్గర నీడగానీ నీళ్లుగానీ దొరకవు, పొద్దున్నే వెళ్లి రావాలి.

బస విషయంలో నా మాట: చరిత్ర కోసం వెళ్తే గోపాల్‌పూర్‌లో దిగకండి. 1914లో ఇటలీ ఆయన కట్టించిన పామ్ బీచ్ హోటల్ అక్కడే ఉంది, 1947లో ఒబెరాయ్ కొన్నది. సముద్రం కావాలంటే గోపాల్‌పూర్ చక్కటి చోటు, కానీ పాత వీధులు నడిచి చూడాలంటే ఊళ్లోనే, బడా బజార్‌కు దగ్గరగా ఉండాలి. నేను దిగిన లాడ్జీలో గది శుభ్రంగానే ఉంది, వేణ్ణీళ్లు మాత్రం అడిగిన ప్రతిసారీ ఆలస్యమే. కింద హోటల్లో ఇడ్లీ, ఉప్మా, పక్కనే ఒడియావాళ్ల దాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు. తిండికి లోటు లేదు. ఆటోవాళ్లతో తెలుగులో బేరమాడొచ్చు, చాలామందికి వచ్చు.

నేతవాళ్ల వీధులకు వెళ్లేముందు మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో వేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో దేవాంగుల మీద ఉన్న భాగం చదవండి. అందులోని కొన్ని మాటలు ఈనాడు చదివితే మనసు చివుక్కుమంటుంది, అయినా వలసల జాడ తెలుస్తుంది. ఇక్కడి పట్టు నేసేది ఎక్కువగా తెలుగు దేవాంగులే. ఒడియాలో వాళ్లను దేరా అంటారు. 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర పేరు ఫోడా కుంభ. మగ్గం మీద ఉన్న చీరను దగ్గరికి వంగి చూశాను: అంచులోంచి చీరలోకి గుడి శిఖరాల్లా పళ్లు పొడుచుకొచ్చాయి, వాటి కొసలు ఒక్కటీ చెదరలేదు. "చెయ్యి తొందరపడితే శిఖరం వంకరపోద్ది బాబూ" అన్నాడు నేస్తున్న పెద్దాయన. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో అమ్మవారు గుడి వదిలి దేశి బెహెరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. వీలైతే ఆ ఏడాది చూసుకుని వెళ్లండి, గది మాత్రం చాలా ముందే మాట్లాడుకోవాలి.

వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఇంగ్లీషు ఆత్మకథ మై లైఫ్ అండ్ టైమ్స్ 1976లో వచ్చింది. రాష్ట్రపతి అయిన సంగతుల కోసం కాకుండా బరంపురం తెలుగు ఇళ్లలోంచి ఒక మనిషి ఎలా పైకొచ్చాడో తెలుసుకోవడానికి చదవండి.

ఒడియాలో ఉన్న స్థానిక చరిత్రలు మనకు అందవు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది ఒడియా. వరసకు బావగారొకాయన నా కోసం సాయంత్రాలు కేటాయించి, "నువ్వు రాసుకో, నేను చెబుతా" అంటూ ఒడియా పేజీలను అప్పటికప్పుడు తెలుగులో వినిపించారు. అలాంటి మనిషి దొరికితే మీ యాత్ర సగం ఫలించినట్టే. ఒక పాత గ్రంథాలయంలో మాత్రం బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడని తిప్పి పంపారు. భంజవిహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయ గ్రంథాలయానికైతే ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగడం మేలు.

గంజాం జిల్లాలోనే ఉన్న జౌగడ వెళ్లితీరాలి. అశోకుడి శాసనం చెక్కిన బండ అక్కడుంది. 1925లో శాసన పండితుడు హుల్చ్ ప్రచురించిన అశోక శాసనాల సంపుటం చదివి వెళ్లండి. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడే పదమూడో శాసనం ఈ బండ మీద లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. దాని బదులు ఇక్కడి అధికారులకు ప్రత్యేకంగా రాయించిన మాటలున్నాయి: ప్రజలంతా నా బిడ్డలు అని. ఓడిన నేల మీద నిలబడి ఆ మాట చదివితే గుండె బరువెక్కుతుంది.

ఓపిక మిగిలితే పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు, అక్కడి కొండజాతివాళ్ల సవర భాష నేర్చుకున్న ఊరు. 1931లో వచ్చిన ఆయన సవర మాన్యువల్ వ్యాకరణమే అయినా, ఆ కొండల మనుషులను ఆయన ఎంత గౌరవంతో విన్నాడో తెలుస్తుంది. 1936లో ఊరు ఒడిశాకు వెళ్లిపోగానే ఆయన రాజమండ్రికి వచ్చేశారు. విశాఖ నుంచి గుణుపూర్ వెళ్లే ప్యాసింజరు నౌపడ మీదుగా అక్కడ ఆగుతుంది. బరంపురం నుంచి బస్సులో వెళ్తే పూట పోతుంది. వీలున్నవాళ్లు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.