హనుమకొండ ఉచిత హాకీ శిబిరం: శిక్షణకు పూర్తి మార్కులు, నిధుల తీరులోనే మార్పు కావాలి

హనుమకొండలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల మైదానంలో ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచితంగా హాకీ నేర్పుతున్న శిబిరం గురించి తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతున్నారు. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా బడి పిల్లలు కొందరు ఆ శిబిరానికి వెళ్తున్నారు. దానికి డబ్బు సమకూర్చే గోల్ఫ్ పోటీ హైదరాబాద్‌లో జరిగినప్పుడు పిల్లల వెంట నేనూ వెళ్లాను. శిక్షణను, దాని వెనకనున్న విరాళాల ఏర్పాటును దగ్గరగా చూసినవాడిగా చెప్తున్నాను: శిక్షణ చాలా బాగుంది, పిల్లల్ని నిశ్చింతగా పంపవచ్చు. సరిదిద్దుకోవలసింది డబ్బు వచ్చే తీరును మాత్రమే.

కబడ్డీకీ ఖోఖోకూ పిల్లవాడు ఒంటి మీద బట్టలతో వచ్చేస్తే చాలు. హాకీకి అలా కుదరదు. కర్ర కావాలి, మోకాలి కింద కట్టుకునే షిన్ గార్డులు కావాలి, పళ్లకు మౌత్ గార్డు కావాలి. నూట అరవై గ్రాముల గట్టి బంతి తగిలితే ఏమవుతుందో ఆడినవాళ్లకు తెలుసు. ఈ శిబిరంలో ఇవన్నీ ఇస్తారు. ఇచ్చే పద్ధతి కూడా నాకు నచ్చింది. కోచ్ ప్రతి పిల్లను నిలబెట్టి, కర్రను పక్కన నిలువుగా ఆనించి, కొస నడుము దాకా వస్తుందో లేదో చూసి, అప్పుడే చేతికిస్తారు. పొడవు ఎక్కువైన కర్రతో నేర్చుకున్న పిల్లలు వంగడం మానేసి నిలబడి ఆడటానికి అలవాటు పడతారని, ఆ అలవాటు తర్వాత మానిపించడం కష్టమని ఆయన చెప్పారు. నా అనుభవంలోనూ అది నిజమే.

ఎడమచేతి వాటమున్న ఒక ఆరో తరగతి అమ్మాయికి ఆయన నేర్పిన తీరు ప్రత్యేకంగా చెప్పాలి. హాకీలో ఎడమచేతి కర్ర అంటూ ఉండదు. అందరూ ఒకే రకం కర్రతో, దాని చదునైన వైపుతోనే బంతిని ఆడాలి. మొదట్లో ఆ అమ్మాయి కర్రను తిప్పి పట్టుకుని గుండ్రటి వైపుతో కొట్టేది. కోచ్ కసురుకోలేదు. హాకీలో కర్రను తిప్పేది పైన పట్టుకున్న ఎడమచేయేనని, కుడిచేయి దారి చూపడానికేనని ఆమెకు వివరించి, ఎడమచేత్తో మాత్రమే కర్ర పట్టించి బంతిని అటూ ఇటూ నెట్టే అభ్యాసం చేయించారు. లోపమనుకున్నదే ఆమెకు బలమైంది. ఇప్పుడు బంతిని అదుపులో ఉంచుకుంటూ ముందుకు నడిపే డ్రిబ్లింగ్‌లో ఆ జట్టులో ఆమెను మించినవారు లేరు.

ఏనుమాముల మార్కెట్‌కు కూలికి పోయే ఒక తల్లి బిడ్డను చేర్పించే ముందు నన్ను అడిగింది: "సారూ, ఇప్పుడైతె పుకట్ అంటున్నరు, మల్ల పైసలేమన్న అడుగుతరా?" అడగరు. ప్రవేశానికి గానీ, సామగ్రికి గానీ, పోటీలకు తీసుకెళ్లడానికి గానీ రూపాయి తీసుకోరు. బూట్లు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి, అవీ లేనివారికి పాతవి సర్దుతారు. ఉచితం అన్న మాటను ఇంత నిజాయితీగా నిలబెట్టుకునే శిబిరాలు తక్కువ.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుందంటే, విరాళాల కోసం ఏటా చలికాలంలో హైదరాబాద్‌లో జరిగే ఒక గోల్ఫ్ పోటీ నుంచి. గోల్ఫ్ మా వైపు పెద్దగా పరిచయం లేని ఆట కనుక దాని పద్ధతి కొంచెం వివరిస్తాను. నలుగురేసి జట్లుగా ప్రవేశ రుసుము కడతారు. మైదానంలో బంతిని చేర్చాల్సిన గుంతలను హోల్స్ అంటారు. పద్దెనిమిది హోల్స్ దగ్గరా ఒక్కో జట్టు నిలబడి ఒకే సమయంలో ఆట మొదలుపెడుతుంది. నలుగురూ కొట్టాక, వాటిలో మంచి చోట పడిన బంతిని ఎంచుకుని మళ్లీ అందరూ అక్కడి నుంచే కొడతారు కనుక, ఆట అంతగా రానివారికి కూడా ఇబ్బంది ఉండదు. తప్పిన దెబ్బను మళ్లీ కొట్టే అవకాశాన్ని సైతం డబ్బుకు అమ్మి విరాళంలో కలుపుతారు. ఒక్కో హోల్ దగ్గర ఒక్కో కంపెనీ తన పేరుతో బోర్డు పెట్టుకుని అందుకు రుసుము చెల్లిస్తుంది. మైదానం అద్దె, భోజనం, బహుమతుల ఖర్చు పోగా మిగిలినదే పిల్లలకు చేరుతుంది.

వచ్చినవారు మనసున్నవారు, అందులో సందేహం లేదు. అయితే ఉదయం పోటీ ప్రారంభానికి అందుకోవడం కోసం పిల్లలు అర్ధరాత్రి దాటాక హనుమకొండలో బస్సెక్కి, నిద్రమొహాలతో దిగి, కర్రలు పట్టుకుని ఫొటోలకు నిలబడవలసి రావడం నాకు నచ్చలేదు. దాతలే ఒక ఉదయం హనుమకొండకు వచ్చి శిక్షణ చూస్తే, తమ డబ్బు ఏం చేస్తున్నదో వారికి ఇంకా బాగా తెలుస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, అవసరాలు మాత్రం నెలనెలా వస్తాయి. పోటీ అయిన వెంటనే కొత్త కర్రలు, జెర్సీలు దిగుతాయి, కొన్ని నెలలు అభ్యాసం తర్వాత పిల్లలకు కోడిగుడ్డు, అరటిపండు అందుతాయి. ఎండాకాలం వచ్చేసరికి ముందు గుడ్డు ఆగిపోతుంది, తర్వాత పండు. వానాకాలంలో గోల్‌కీపర్ కాలి ప్యాడ్ల పట్టీలు తెగిపోయాయి. శిబిరంలో ఉన్నది ఒకటే జత. చేతిలో డబ్బు లేక కోచ్ పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి పట్టీలుగా కట్టారు. అవి పరుగుకు నిలిచాయి గానీ బలమైన దెబ్బకు ప్యాడ్ పక్కకు జరిగిపోయేది. పిల్లవాడి ఎముకతో పందెం వేయలేనని ఆయన గోల్ మీదికి గట్టిగా కొట్టడం మాన్పించారు. అంటే పెనాల్టీ కార్నర్ల (ఎదుటి జట్టు తప్పు చేసినప్పుడు గోల్ మీదికి బలంగా కొట్టడానికి దొరికే అవకాశాల) అభ్యాసం ఆగిపోయినట్టే. ఆధునిక హాకీలో గోల్స్‌లో పెద్ద భాగం అక్కడి నుంచే వస్తాయి. కొత్త జెర్సీల పెట్టె గదిలో ఉండగానే ఇది జరిగింది. జెర్సీ మీద దాత పేరు కనిపిస్తుంది, ప్యాడ్ పట్టీ మీద కనిపించదు.

మట్టి మైదానం సంగతి కూడా ఇదే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి అంతర్జాతీయ హాకీ కృత్రిమ పచ్చిక పరిచిన టర్ఫ్ మీదికి మారింది, ఆ పోటీల్లోనే మన జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. మట్టి మీద బంతి ఎగురుతూ వస్తుంది, టర్ఫ్ మీద జారుతూ వేగంగా వస్తుంది. మట్టి మీద నేర్చుకున్న పిల్లలు నేరుగా పోటీకి టర్ఫ్ మీద దిగితే బంతిని ఆపడమే గగనమవుతుంది. ఏడాదిలో కొన్నిసార్లయినా గచ్చిబౌలి టర్ఫ్ మీద సాధన చేయించడానికి బస్సు ఖర్చు కావాలి. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య భారత జట్టు దాకా వెళ్లింది. ఉత్తర తెలంగాణ పిల్లల్లో సత్తా లేదని ఎవరూ అనలేరు.

దాతలుగా వచ్చే కంపెనీలకు ఒక విషయం గుర్తు చేయాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఇవ్వడం ఆ జాబితాలో ఉంది. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను మాత్రం 2021లో సవరించిన నిబంధనలు ఆ లెక్కలోకి రానివ్వవు. అదే శిక్షణను కొనసాగే ప్రాజెక్టుగా తీసుకుంటే, మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు నడిపే వీలుంది. హోల్ దగ్గర బోర్డు కన్నా ఇది కంపెనీకీ మేలు, పిల్లలకూ మేలు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఐస్ హాకీ జట్టు అధిపతి ఎడ్ స్నైడర్ 2005లో స్థాపించిన సంస్థ పేద పిల్లలకు ఐస్ హాకీని ఉచితంగా నేర్పుతూ వారి చదువును కూడా చూసుకుంటోంది. అక్కడి ఆట వేరు, సంపద వేరు, కానీ ఏళ్ల తరబడి ఆగని ఏర్పాటు ఒకటి ఉండాలన్న ఆలోచన ఇక్కడికీ సరిపోతుంది. గోల్ఫ్ పోటీ మానేయమని నేను అనను. అందులో వచ్చిన మొత్తంలో కొంత భాగాన్ని బ్యాంకులో విడిగా ఉంచి, గుడ్డు, పండు, మరమ్మతులు, బస్సు ఖర్చులకు నెలవారీగా తీసుకుంటే చాలు. ఈ మాట నిర్వాహకులకు చెప్పాను. విన్నారు, వచ్చే పోటీ నుంచి ఖర్చుల పట్టికను దాతలకు పంపుతామన్నారు.

చేర్పించదలచినవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఉదయం ఆరు లోపు మైదానానికి రండి. ఆధార్ నకలు, బడి బోనఫైడ్ అడుగుతారు. నీళ్ల సీసా తప్పక ఇచ్చి పంపండి, ఎండాకాలంలో రెండు. ఏదైనా తిని వచ్చేలా కూడా చూడండి, గుడ్డు ఉంటుందనుకుని ఖాళీ కడుపుతో పంపవద్దు. ఆడపిల్లలకు ప్రస్తుతం ఖాళీలు ఉన్నాయి, గోల్‌కీపింగ్ నేర్చుకోవాలనుకునేవారికి మరీ ఎక్కువ.